వియన్నాలో ఎక్కడ దిగాలి: పిన్‌కోడ్ చూసి గది ఎంచుకుందాం

నమస్తే అండి. నాలుగైదు రోజులు వియన్నాలో తీరిగ్గా గడిపి రావాలనుకునేవాళ్ల కోసం ఈ వీడియో. రోజుకి పది చోట్లు తిరిగేయాలనే పట్టుదల ఉన్నవాళ్లకి ఇది పెద్దగా పనికిరాదు, ముందే చెప్పేస్తున్నా.

బుకింగ్ సైట్ తెరవగానే మనలో చాలామంది చేసే పని, "సిటీ సెంటర్‌కి ఎంత దూరం" అనే ఫిల్టర్ పెట్టడం. ఇవాళ దాని జోలికి వెళ్లొద్దు. వియన్నాలో సెంటర్ అంటే స్టెఫాన్స్‌డోమ్ చర్చి చుట్టూ ఉన్న పాత ఊరు, ఒకటో జిల్లా. చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ పొద్దున పది దాటిందంటే టూరిస్టు గుంపులు, గుర్రపు బగ్గీలు, రాళ్లు పరిచిన వీధుల్లో గడగడమని సూట్‌కేసుల చప్పుడు. అక్కడికి వెళ్లి చూసి రావాలి కానీ, అక్కడే పడుకోనక్కర్లేదు.

దూరం బదులు రెండు ప్రశ్నలు వేసుకోండి. మధ్యాహ్నం మూడింటికి కాళ్లు లాగేస్తుంటే, గదికొచ్చి కాసేపు నడుం వాల్చడానికి ఎంతసేపు పడుతుంది? సాయంత్రం మళ్లీ కిందికి దిగితే, మెట్రో ఎక్కకుండా కూర్చోడానికి ఓ పార్కో, కాఫీ హోటలో ఉందా? రెండింటికీ మంచి జవాబు దొరికిన చోటే మనకి కావాలి.

ఇప్పుడు స్క్రీన్ మీద మ్యాప్ చూడండి. మధ్యలో గుర్రపు నాడా ఆకారంలో కనిపిస్తోందే, అది రింగ్‌స్ట్రాసె. పాత కోటగోడ పడగొట్టి ఆ జాగాలో వేసిన రోడ్డు, 1865లో తెరిచారు. ఇంకాస్త బయట పడమటి వైపు వంపు తిరిగిన పెద్ద రోడ్డు గ్యూర్టెల్. అది రాత్రీ పగలూ వాహనాలు పోయే రోడ్డు, మధ్యలో వంతెన మీద యూ6 మెట్రో. గ్యూర్టెల్ మీదే ఉన్న హోటళ్లు చవగ్గా కనిపిస్తాయి, కారణం అదే. మనం వెతకాల్సింది ఈ రెండు రోడ్లకీ మధ్యలో.

దీనికి సులువైన దారి పిన్‌కోడ్. వియన్నాలో మొత్తం 23 జిల్లాలు. అడ్రసులో 1070 అని ఉందనుకోండి, మధ్య రెండు అంకెలు చూడండి: సున్నా ఏడు, అంటే ఏడో జిల్లా. 1020 అంటే రెండోది, 1100 అంటే పదోది. హోటల్ వాళ్లు పేజీలో "ప్రైమ్ లొకేషన్" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా సరే, మీరు పిన్‌కోడే చూడండి.

నా ఓటు 1070, 1080లకి. ఏడో జిల్లా నోయ్‌బావు, మ్యూజియమ్స్‌క్వార్టియర్ అనే మ్యూజియాల సముదాయం వెనకే ఉంటుంది. అక్కడి ష్పిట్టెల్‌బెర్గ్ సందుల్లో సాయంత్రం ఊరికే నడిచినా పొద్దు గడిచిపోతుంది. యూ3 మెట్రో ఎక్కితే నోయ్‌బావుగాసె నుంచి, స్టెఫాన్స్‌డోమ్ చర్చి దగ్గరి స్టెఫాన్స్‌ప్లాట్జ్ మూడో స్టేషనే. ఒక జాగ్రత్త: ఆ చుట్టుపక్కల మెట్రో విస్తరణ పనులు ఏళ్ల తరబడి సాగుతున్నాయి. అందుకే రివ్యూలలో కొత్తవి మాత్రమే చదివి, పొద్దున్నే డ్రిల్లింగ్ మోత గురించి ఎవరైనా రాశారేమో చూడండి. ఎనిమిదోది యోసెఫ్‌స్టాడ్ట్, విస్తీర్ణంలో అన్నిటికంటే చిన్న జిల్లా, ఇంకా నిదానం.

పిల్లలుంటే మాత్రం 1020 చూడండి. డాన్యూబ్ కాలువ దాటితే చాలు. శనివారం పల్లెల నుంచి రైతులు సరుకు తెచ్చే కర్మెలైటర్ మార్కెట్, ఆవుగార్టెన్ తోట, ప్రాటర్ పార్కు అక్కడే. ప్రాటర్ ఒకప్పుడు రాజుల వేట అడవి, 1766లో జనానికి వదిలేశారు. అందులో చెట్ల నీడన నాలుగు కిలోమీటర్లకు పైగా తిన్నటి బాట ఉంది.

పదో జిల్లా, సెంట్రల్ స్టేషన్ చుట్టుపక్కల? విమానాశ్రయం నుంచి రైలు పావుగంటలో చేరుస్తుంది. పక్క దేశం స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా వెళ్లాలన్నా గంట ప్రయాణం. అర్ధరాత్రి దిగి తెల్లారి బయల్దేరేవాళ్లకి బాగుంటుంది. తీరిగ్గా ఉండాలంటే వద్దు.

ఇక అసలు సంగతి: బిల్డింగ్. జిల్లా సరిగ్గా ఎంచుకుని, ఇక్కడ పప్పులో కాలేసేవాళ్లు ఎక్కువ. ఈ పేటల్లో చాలావరకు వందేళ్లు దాటిన మేడలు. సీలింగ్ ఎత్తు, కిటికీలు పెద్దవి, ఫోటోల్లో చూస్తే అబ్బ అనిపిస్తాయి. కానీ అంతస్తుల లెక్క వేరే. గ్రౌండ్ ఫ్లోర్ మీద హోఖ్‌పార్టెర్ అని ఒకటి, దానిమీద మెజనీన్ అని ఇంకొకటి, ఆ పైనగానీ ఒకటో అంతస్తు మొదలవ్వదు కొన్నిచోట్ల. "మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు" అని ఉంటే మనం ఎక్కేది ఐదు అంతస్తుల మెట్లు కావచ్చు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని, మామగారిని తీసుకెళ్తున్నారా? బుక్ చేసే ముందే మెసేజ్ పెట్టండి: లిఫ్ట్ ఉందా, అది గది దాకా వస్తుందా, లిఫ్ట్ దగ్గరికి చేరడానికే మెట్లున్నాయా? మూడో ప్రశ్న ఎవరూ అడగరు. అడగండి.

అదే మెసేజ్‌లో కిటికీ వీధి వైపా, లోపలి పెరటి వైపా అని కూడా అడగండి. పెరటి వైపు గదికి వ్యూ ఉండదు, ట్రామ్ చప్పుడూ ఉండదు. నేనైతే నిద్రకే ఓటేస్తా. జులై, ఆగస్టులో వెళ్తుంటే ఏసీ ఉందో లేదో కచ్చితంగా చూసుకోండి, పాత మేడల్లో చాలావాటికి ఉండదు. ఇంకొకటి, డబుల్ బెడ్ అంటే అక్కడ తరచుగా రెండు పరుపులు పక్కపక్కన వేసి, రెండు దుప్పట్లు ఇస్తారు. చంటిపిల్లని మధ్యలో పడుకోబెట్టుకునే అలవాటున్నవాళ్లు గుర్తుపెట్టుకోండి.

వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ మంచిదే, రెండు పూటల అన్నం కావాలనేవాళ్లకి మరీను. నీళ్ల సీసాలు కొనక్కర్లేదు, కుళాయిలో వచ్చేది ఆల్ప్స్ కొండల ఊటనీరు. పెరుగు, కూరగాయలు మాత్రం శనివారం సాయంత్రం ఆరులోపు తెచ్చుకోవాలి. ఆ తర్వాత సూపర్ మార్కెట్లు మళ్లీ సోమవారమే తెరుస్తారు. ప్రాటర్‌స్టెర్న్, సెంట్రల్ స్టేషన్ లాంటి రైల్వే స్టేషన్లలో కొన్ని ఆదివారం కూడా ఉంటాయి, కానీ క్యూ చూస్తే ఆకలి చచ్చిపోతుంది.

2024 జులై నుంచి అక్కడ ఇళ్లను ఏడాదికి 90 రోజులకు మించి టూరిస్టులకి ఇవ్వాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. అందుకే ఎవరిదో సొంత ఫ్లాట్ కంటే, రిసెప్షన్ ఉన్న అపార్ట్‌మెంట్ హోటల్ అయితే టెన్షన్ తక్కువ. షెంగెన్ వీసా, అంటే ఆస్ట్రియాతో పాటు చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే ఉమ్మడి వీసా, దాని ఫైల్లో బస వివరాలు చూపించాలి కదా, ఫైల్ ఇచ్చాక ఓనర్ బుకింగ్ రద్దు చేస్తే మళ్లీ కాగితాల గోల.

వీసా నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా పడుతుంది. కాబట్టి ఫ్రీ క్యాన్సలేషన్ అనే పచ్చ అక్షరాలు చూసి సరిపెట్టుకోకుండా, దాని చివరి తేదీ చూడండి. మీ అపాయింట్‌మెంట్ రోజు నుంచి 45 రోజులు లెక్కపెట్టి, ఆ తేదీ దాటాకే గడువు ముగిసే గదిని బుక్ చేయండి.