తుఫానుకు తట్టుకున్న కార్డులు

(కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో గ్రంథాలయ వారోత్సవాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, గ్రంథాలయ సిబ్బందికి, పిల్లలందరికీ నమస్కారం. శాలువాకు, పూలదండకు కృతజ్ఞతలు. మారుతున్న సాంకేతికత, మారుతున్న చదివే అలవాట్లు, కళాశాల గ్రంథాలయం అన్న అంశం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకునే వచ్చాను. అయితే సభకు గంట ముందే చేరుకోవడంతో మీ గ్రంథాలయంలో కాసేపు కూర్చున్నాను. అక్కడ చూసిన తర్వాత ఈ కాగితాల్లో సగం పక్కన పెట్టక తప్పడం లేదు.

గుమ్మం పక్కన పుస్తకాలు వెతుక్కోవడానికి ఒక కంప్యూటర్ పెట్టారు. కొత్తది, చక్కగా పనిచేస్తోంది. దానిలో తెలుగు అక్షరాలతో ‘గోదావరి’ అని కొట్టాను. ఒక్క పుస్తకమూ లేదంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాను, నాలుగు చూపించింది. చివరి అక్షరం ‘ఐ’ తీసి ‘వై’ పెడితే ఇంకో రెండు వచ్చాయి. లేచి తెలుగు బీరువాల దగ్గరకు నడిచాను. వీపు మీద గోదావరి పేరున్న పుస్తకాలు ఒక్క బీరువాలోనే ఇరవైకి పైగా లెక్కపెట్టాను. గోదావరి పాయల మధ్య ఉన్న ఊళ్లో, గోదావరి కాలువ గట్టున కట్టిన కళాశాలలో, గోదావరి అని అడిగితే లేదంటోంది! ఇది మీ ఒక్కరి తప్పు కాదు. నేను ముప్పై ఏళ్లు పనిచేసిన కళాశాల గ్రంథాలయంలో కూడా ఇదే జరిగింది. అక్కడ జరిగినదానిలో నా చెయ్యి కూడా ఉంది. అది చెప్పడానికే ఇవాళ వచ్చాననుకోండి.

ముందు ఈ వారం సంగతి రెండు మాటల్లో చెబుతాను. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయిలో పౌర గ్రంథాలయాల మహాసభ జరిగింది. అందుకే వారోత్సవాలు ఈ తేదీన మొదలుపెడతాం. దాని వెనుక నిలబడిన అయ్యంకి వెంకటరమణయ్య గారు మన కొంకుదురులో పుట్టినవారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయాలన్నిటినీ ఒక సంఘంగా కూర్చినదీ ఆయనే. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పారు. పడవ ఆగిన రేవులో రైతులు, కూలీలు, ఆడవాళ్లు పుస్తకాలు తీసుకునేవారు. ఆ రోజుల్లో సాంకేతికత అంటే పడవే. పాఠకుడు ఉన్నచోటికి పుస్తకం వెళ్లాలన్న పట్టుదల వాళ్లది. ఇవాళ పాఠకుడు ఫోనులో ఉన్నాడు. మరి మన తెలుగు పుస్తకం అక్కడికి వెళ్లిందా అన్నది నా ప్రశ్న.

పిల్లలు చదవడం లేదని సభల్లో అందరూ అంటారు. నేను ఒప్పుకోను. సర్వీసు చివరి పదేళ్లలో నా కళ్లతో చూశాను. కథల పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లేవారు తగ్గిన మాట నిజమే. కానీ గ్రూప్ పరీక్షలకు, డీఎస్సీకి చదువుకునేవాళ్లు తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చునేవారు. ఒక పుస్తకంలో ఏడు పేజీలు కావాలంటే ఫోనుతో ఫొటో తీసి నలుగురికి పంపుకునేవారు. రాత్రి పన్నెండింటికి ఫోనులో పీడీఎఫ్ తెరిచి చదివేవాళ్లూ చదువరులే. చోటు మారింది, సమయం మారింది, ముక్కలు ముక్కలుగా చదవడం వచ్చింది. గ్రంథాలయాలు కూడా ఊరికే కూర్చోలేదు. గ్రంథాలయాలను నెట్‌తో కలిపే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నడిపే ఎన్-లిస్ట్ అనే ఆన్‌లైన్ సేవ ద్వారా మామూలు డిగ్రీ కళాశాల పిల్లలకు కూడా వేలాది పరిశోధన పత్రికలు తెరుచుకుంటున్నాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీ ఉంది. పరిశోధన గ్రంథాలకు శోధ్‌గంగ ఉంది. పరిశోధన పత్రికల కోసం తెచ్చిన ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థల కోసం కేంద్రం మూడేళ్లకు 6 వేల కోట్ల రూపాయలు కేటాయించింది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక విదేశీ పత్రికలో ఒక్క వ్యాసం కావాలంటే విశాఖపట్నానికి ఉత్తరం రాసి నెల రోజులు ఎదురుచూసేవాళ్లం. కాబట్టి యంత్రం మీద నాకు కోపం లేదు. ఎన్-లిస్ట్ సంకేతపదం ఇప్పటిదాకా తీసుకోని పిల్లలు ఈ సభ అవగానే మీ గ్రంథపాలకుల దగ్గరకు వెళ్లి తీసుకోండి.

కానీ నేను చెప్పిన ఆ సంపదలో మన ఇళ్లలో మాట్లాడే భాష ఎంత ఉంది? ఉన్నది కూడా వెతికితే దొరుకుతోందా? శోధ్‌గంగలో తెలుగు శాఖల సిద్ధాంత గ్రంథాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఎన్నో పాత తెలుగు ఫాంట్లతో టైపు చేసినవి, లేదా పేజీకి పేజీ బొమ్మగా ఎక్కించినవి. కంటికి తెలుగులా కనిపిస్తాయి, యంత్రానికి మాత్రం అవి తెలుగు కావు. అందుకే లోపల ఒక్క మాట వెతకలేం. మన బీరువాల్లోని పుస్తకాల గతి అంతకన్నా కష్టంగా ఉంది.

ఇక 1996 తుఫాను సంగతి. ఈ నెల 6వ తేదీ వచ్చిందంటే కోనసీమలో నా వయసు వాళ్లెవరికీ నిద్ర పట్టదు. ఆ బుధవారం రాత్రి గాలి ఎలా వీచిందో మీ అమ్మమ్మల్ని, తాతయ్యల్ని అడగండి. తెల్లారేసరికి రోడ్డుకు అడ్డంగా కొబ్బరిచెట్లు. వాటిని దాటుకుంటూ కళాశాలకు వెళ్లాను. గ్రంథాలయం పెంకులు లేచిపోయి గదిలోంచి ఆకాశం కనిపిస్తోంది. కింది అరల పుస్తకాలు ఉబ్బి బీరువాల్లో బిగుసుకుపోయాయి. మా మాస్టారు, అంటే అప్పటి మా గ్రంథపాలకులు, నా కంటే ముందే వచ్చి ఉన్నారు. ఆయన పుస్తకాల వైపు చూడలేదు. కార్డుల పెట్టె ముందు నిలబడి సొరుగు లాగుతున్నారు. చెక్క ఉబ్బిపోయి అది రావడం లేదు.

ఈ కాలం పిల్లలకు ఆ పెట్టె సంగతి చెప్పాలి. కంప్యూటర్ రాకముందు పుస్తకాలు వెతుక్కునేది దానిలోనే. చిన్న చిన్న సొరుగులుంటాయి. ఒక్కో సొరుగులో అరచేయంత కార్డులు వెయ్యి దాకా పడతాయి. ప్రతి కార్డుకూ అడుగున రంధ్రం ఉంటుంది, దానిలోంచి ఇనుప కడ్డీ దూరుస్తారు. ఒక్కో పుస్తకానికి రచయిత పేరుతో ఒక కార్డు, పుస్తకం పేరుతో ఒకటి, విషయం పేరుతో ఒకటో రెండో. ఇరవై ఏళ్లపాటు వాటన్నిటినీ మాస్టారు తన చేత్తో, తెలుగులో, అచ్చు వేసినట్టు రాశారు.

వడ్రంగి వచ్చి సొరుగులు ఊడదీశాడు. కొబ్బరితాడు పురి విప్పి, సన్నటి పోగులు తీసి, కార్డుల రంధ్రాల్లోంచి గుచ్చాం. వరండా స్తంభాలకు ఈ కొస నుంచి ఆ కొసకు కట్టాం. పదిహేను రోజులపాటు మా వరండా నిండా కార్డుల దండలే. కరెంటు లేదు, తాగడానికి మంచినీళ్లు కరువు, అయినా సాయంత్రం అయ్యేసరికి పిల్లలు వచ్చి వాటిని లోపలికి తెచ్చి, పొద్దున్నే మళ్లీ ఎండకు కట్టేవారు. మాస్టారు నల్ల ఇండియన్ ఇంకుతో రాయడంతో అక్షరం చెదరలేదు. విషయ శీర్షికల ఎర్ర సిరా మాత్రం గులాబీ రంగుకు దిగింది. ఎండిన తర్వాత లెక్కపెట్టుకుంటే పోయినవి చాలా కొద్ది.

అంత తుఫానుకు తట్టుకున్న కార్డులను తొమ్మిదేళ్ల తర్వాత మేమే చిత్తుకాగితాల వాడికి తూకానికి వేశాం. ఆ ఫైలు మీద సంతకం నాది.

ఎలా జరిగిందో దాచకుండా చెబుతాను. తనిఖీ బృందం వస్తోంది, రెండు నెలల్లో గ్రంథాలయం మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కాలన్నారు. పుస్తకానికి ఇంత అని లెక్కగట్టి, బయటి కుర్రాళ్ల చేత వివరాలు కొట్టించారు. వాళ్ల తప్పు లేదు. ఆ యంత్రంలో అప్పటికి తెలుగు కీబోర్డు లేదు. పుస్తకం పేరు ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. వత్తులు పోయాయి, దీర్ఘాలు పోయాయి. ‘శ’, ‘ష’, ‘స’ ఒకటే అయిపోయాయి. పేరు మరీ పొడవుగా ఉంటే ‘తెలుగు పుస్తకం’ అని రాసి వదిలేసినవి కూడా తర్వాత నా కంటపడ్డాయి. విషయ శీర్షిక గడి దాదాపు అన్నిటికీ ఖాళీ. మాస్టారు అప్పటికే పదవీ విరమణ చేశారు. పెట్టె చోటు ఆక్రమిస్తోంది, ఇక దేనికమ్మా అని కళాశాలలో అన్నారు. నేను కాదనలేదు. అక్కడ నేను కాదనవలసింది.

మరో పదకొండేళ్లు గడిచాయి. నా సర్వీసు చివరి ఏడాది. బీకాం చదువుతున్న ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్నగారు చెరువు కౌలుకు తీసుకుని రొయ్యలు వేశారు. రొయ్య తినడం మానేసి గట్టుకు చేరుతోంది, పెంకు మీద తెల్లమచ్చలు పడుతున్నాయి. ఆయన తెలుగు మాత్రమే చదవగలరు. ఆయన కోసం తెలుగులో ఏదైనా పుస్తకం ఉందా అని ఆమె అడిగింది. నేను ఆ రోజు సెలవులో ఉన్నాను. మా సహాయకుడు కంప్యూటర్‌లో ‘రొయ్యల’ అని ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాలుగా కొట్టి, లేదమ్మా అన్నాడు.

మర్నాడు సంగతి తెలిసి నేను నేరుగా చేపలు, రొయ్యల పెంపకం పుస్తకాలుండే 639 అంకె ఉన్న అర దగ్గరకు వెళ్లాను. పుస్తకం అక్కడే ఉంది. పలచటిది, రొయ్యలకు వచ్చే జబ్బుల గురించి 1990ల మొదట్లో అచ్చయినది. వెనుక అట్ట తీసి తేదీ చీటీ చూశాను. ముద్ర కింద ముద్ర, చీటీ నిండిపోయి దాని మీద ఇంకో చీటీ అంటించారు. రైతుల పిల్లలు ఎంతమంది ఇంటికి తీసుకెళ్లి ఉంటారో! 2005 దగ్గర ముద్రలు ఆగిపోయాయి. కంప్యూటర్ వచ్చాక కూడా మేము తేదీ ముద్ర వేయడం మానలేదు. కాబట్టి దాని అర్థం ఒక్కటే: ఆ తర్వాత ఎవరికీ అది దొరకలేదు. కంప్యూటర్‌లో దాని పేరు చూస్తే, ‘రొయ్య’లో ఒక ‘వై’ తక్కువ, ‘వ్యాధులు’లో ‘హెచ్’ లేదు.

పుస్తకం పట్టుకుని ఆ అమ్మాయి క్లాసుకు వెళ్లాను. నాన్నగారు అప్పటికే పట్టుబడి చేసేశారని, వంద కౌంటు, అంటే కిలోకు వంద రొయ్యలు తూగే సైజు, కూడా రాలేదని చెప్పింది. పుస్తకం ముందే దొరికితే చెరువు నిలిచేదని నేను అనడం లేదు. తెల్లమచ్చకు మందు లేదు. కానీ జబ్బు చెరువు నీటిని కాలువలోకి వదలకూడదని, పరీక్ష చేయించిన రొయ్య పిల్లనే వేయాలని తెలుగులో స్పష్టంగా రాసిన పుస్తకం, ఆ రైతు కూతురికి ఇరవై అడుగుల దూరంలో ఉంది. మేము లేదని చెప్పి పంపాం. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు అన్నారు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో. ఆయన ఐదు సూత్రాలను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను.

ఇదిగో, ఇది చూడండి. వెనుక ఉన్నవాళ్లకు కనిపించదు, తర్వాత దగ్గరకు వచ్చి చూద్దురుగాని. తూకానికి వేసే ముందు, వెనుక ఖాళీగా ఉన్నాయని చిట్టీలు రాసుకోవడానికి ఒక గుప్పెడు కార్డులు నా బల్ల సొరుగులో వేసుకున్నాను. ఖాళీ చేసేటప్పుడు ఇది ఒక్కటే మిగిలింది. రంధ్రం చుట్టూ కడ్డీ తుప్పు గుండ్రంగా పడింది. మూలన నీటి చార ఉంది. పైన గులాబీ రంగుకు దిగిన ఎర్ర సిరాలో ‘రొయ్యలు’ అని ఉంది. కింద మాస్టారి రాత: ‘చేపలు, చెరువుల పెంపకం కూడా చూడుడు’. ఆ ‘కూడా చూడుడు’ గమనించండి. అడిగినది లేకపోతే దాని పక్కది చూపించే మాట అది. ఇన్ని లక్షలు పోసి కొన్న మన యంత్రాలకు ఆ మాట ఇంకా నేర్పలేదు.

నేర్పవచ్చు. చాలా తేలిక. అందుకే ఇంతగా చెబుతున్నాను. మీరు వాడుతున్న కోహా ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, న్యూజిలాండ్‌లో ఒక చిన్న ప్రాంతపు గ్రంథాలయం కోసం పుట్టింది. కోహా అంటే అక్కడి మావోరి భాషలో కానుక. దానిలో తెలుగు అక్షరాలు నేరుగా ఎక్కుతాయి. పుస్తకం పేరుకు 245 అనే గడి ఉంది. అదే పేరును ఇంకో లిపిలో రాసుకోవడానికి 880 గడి ఉంది. విషయానికి 650 ఉంది. అంటే ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నదాన్ని చెరపనక్కరలేదు, పక్కన తెలుగు చేర్చితే చాలు. డబ్బు కూడా అక్కరలేదు. కావలసింది పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, అట్ట తెరిచి, అది దేని గురించో చూసి, తెలుగులో సరిగ్గా రాసే మనుషులు. ఫోనులో తెలుగు టైపు చేయడం మీకు నా కంటే బాగా వచ్చు. నోటితో చెప్పి రాయించడం కూడా వచ్చు.

మీ గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు ఎన్నని పొద్దున అడిగాను. సుమారు 4 వేలన్నారు. ఒక్కొక్కదానికి పది నిమిషాలు పట్టినా, ఇరవై మంది పిల్లలు శనివారాల్లో మూడేసి గంటలు కూర్చుంటే మూడు నెలలు దాటదు. తెలుగు శాఖ అధ్యాపకులు విషయ శీర్షికలు సరిచూడాలి. అయ్యా, మీరే, ముందు వరుసలో ఉన్నారు, మీరు ఒప్పుకుంటేనే ఇది నడుస్తుంది. తల ఊపారు, అందరూ చూశారు కదా.

ప్రిన్సిపాల్ గారిని సభకు ముందే అడిగాను, శనివారాలు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా గ్రంథాలయం తెరిచి ఉంచుతామన్నారు. నాకు బస్సు సౌకర్యం ఉంది, ప్రతి శనివారం నేనూ వస్తాను. మొదట 639 అర తీద్దాం. ఈ చివర కూర్చున్న అమ్మాయి దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టాను. రావాలనుకున్నవాళ్లు బయటకు వెళ్లేటప్పుడు మీ పేరు, తరగతి దానిలో రాయండి, తెలుగులో.