గవర్నర్ ఉత్తర్వు: ముప్పై రోజుల వైద్యం

సభకు నమస్కారం.

గవర్నర్ అనగానే మనకు రాజ్‌భవన్ గుర్తుకొస్తుంది. అమెరికా రాష్ట్రాల్లో గవర్నర్ ప్రజలు నేరుగా ఎన్నుకొన్న పాలకుడు. అధికారాల్లో మన ముఖ్యమంత్రికి దగ్గర. శాసనసభ కోసం ఆగకుండా ఆయన జారీచేసే కార్యనిర్వాహక ఉత్తర్వు ప్రజారోగ్యానికి ఎంతవరకు అక్కరకొస్తుందన్నదే నేటి విషయం.

ఇండియానా రాష్ట్రంలోని స్కాట్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) గ్రామీణ ప్రాంతం. ఏడాదికి అయిదు కొత్త హెచ్‌ఐవీ కేసులు కూడా రాని ఆ చోట, ఆక్సీమార్ఫోన్ అనే నొప్పి మాత్రను మత్తు కోసం కరిగించి పలువురు ఒకే సిరంజీతో ఎక్కించుకోవడం వల్ల 2015 తొలి నెలల్లో వ్యాధి చెలరేగి, చివరికి బాధితుల సంఖ్య రెండు వందలు దాటింది. వాడిన సిరంజీ తీసుకొని కొత్తది ఇచ్చే కేంద్రాలకు రాష్ట్ర చట్టం అప్పట్లో ఒప్పుకొనేది కాదు. అప్పటి గవర్నర్ మైక్ పెన్స్‌కూ ఆ పద్ధతి నచ్చేది కాదు. అయినా మార్చి 26న ఆయన ఆ ఒక్క కౌంటీకి ప్రజారోగ్య అత్యవసర స్థితి ప్రకటించి, అడ్డుగా ఉన్న నిబంధనలను ముప్పై రోజులు పక్కన పెట్టారు, తర్వాత గడువు పొడిగించారు. మే నెలలో ఆ కేంద్రాలను అనుమతించే చట్టమే వచ్చింది. ముందే మేల్కొని ఉంటే చాలామందికి వ్యాధి సోకేది కాదని తర్వాతి పరిశోధకులు లెక్కగట్టారు. ఆ విమర్శ న్యాయమైనదే.

టెక్సాస్‌లో కథ అడ్డం తిరిగింది. 2007 ఫిబ్రవరిలో అప్పటి గవర్నర్ రిక్ పెర్రీ, ఆరో తరగతిలో చేరే బాలికలకు హెచ్‌పీవీ టీకా తప్పనిసరి చేస్తూ, వద్దనుకొనే తల్లిదండ్రులకు మినహాయింపు ఇస్తూ ఉత్తర్వు వెలువరించారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా అది, ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ తమను అడగలేదని సొంత పార్టీ శాసనసభ్యులు సైతం ఎదురుతిరిగి, అమలుకు రాకముందే దాన్ని చట్టం ద్వారా రద్దుచేశారు. టీకా సంస్థ తరఫున లాబీయింగ్ చేసింది ఆయన పూర్వపు ముఖ్య సహాయకుడే కావడం అనుమానాలకు మరింత ఆజ్యం పోసింది.

మసాచుసెట్స్‌లో 2014లో అప్పటి గవర్నర్ డెవాల్ పాట్రిక్, వ్యసనంగా మారగల జోహైడ్రో అనే నొప్పి మందును నిషేధించారు. కేంద్ర ఔషధ సంస్థ అనుమతించిన మందును రాష్ట్రం ఆపజాలదని న్యాయస్థానం నిషేధాన్ని నిలిపివేసింది. ఇలాంటి మందుల మోతాదు మించి ప్రాణాపాయంలో ఉన్నవారి దగ్గరకు మొదట చేరే సిబ్బందికి విరుగుడు మందు నలోక్సోన్‌ను అందుబాటులోకి తెచ్చిన చర్య మాత్రం నిలిచింది.

ఇక స్కాట్ కౌంటీ. కొత్త హెచ్‌ఐవీ కేసులు దాదాపు ఆగిపోయిన తర్వాత, 2021 జూన్‌లో, కౌంటీ పాలన చూసే ముగ్గురు కమిషనర్లలో ఇద్దరు సిరంజీల కేంద్రం మూసివేతకు ఓటేశారు. తెరవాలా మూయాలా అన్న నిర్ణయాన్ని 2015 చట్టం వారి చేతికే ఇచ్చింది.