మాత్రల లెక్క సరిపోయింది, రక్తంలో మందు లేదు

నమస్తే అండి. హెచ్ఐవీ రాకుండా ముందుగానే వేసుకునే మాత్ర ఉంది, ప్రెప్ అంటారు. కెన్యా, ఉగాండాల్లో భార్యాభర్తల్లో ఒకరికి హెచ్ఐవీ ఉండి, రెండోవారికి లేని జంటలతో 'పార్ట్‌నర్స్ ప్రెప్' అనే అధ్యయనం చేశారు. రెండు మందులు కలిపిన మాత్రతో ముప్పు 75 శాతం తగ్గింది. అదే మాత్ర మరో పెద్ద అధ్యయనంలో ఆడవాళ్లను కాపాడలేకపోయింది. దాని పేరు 'వాయిస్'.

2009లో మొదలైంది. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల నుంచి 5,029 మంది స్త్రీలు. కొందరికి రోజూ మాత్ర, కొందరికి యోనిలో వాడే మందు జెల్. క్లినిక్‌కు వచ్చినప్పుడల్లా "వాడుతున్నారా?" అని అడిగేవారు, మిగిలినవి తెమ్మని లెక్కపెట్టేవారు. అడిగితే దాదాపు 90 శాతం వాడినట్టు చెప్పారు. మిగిలిన మాత్రల లెక్క కూడా ఇంచుమించు అదే చెప్పింది. భద్రపరిచిన రక్త నమూనాలను తర్వాత పరీక్షిస్తే? మాత్రలిచ్చిన వాళ్ల నమూనాల్లో సుమారు 30 శాతంలోనే మందు కనిపించింది. జెల్ వాళ్లలో 25 శాతం.

ఆ ఆడవాళ్లు అబద్ధాలకోరులని తేల్చేయడం తేలిక. నేను ఒప్పుకోను. తర్వాత పరిశోధకులు కొందరికి వాళ్ల రక్త ఫలితాలే చూపించి మాట్లాడితే అసలు సంగతులు బయటికొచ్చాయి. సైడ్ ఎఫెక్ట్స్ భయం, ఊళ్లో పుకార్లు. పైగా అవి హెచ్ఐవీ చికిత్సలో వాడే మందులే. డబ్బా ఇంట్లో ఎవరి కంటైనా పడితే "నీకు ఆ జబ్బుందా?" అంటారు. భర్తకో, అత్తకో ఏం చెప్పాలి? అందుకని మాత్రలు పారబోసి, క్లినిక్‌లో తలూపారు. బాగా చూసుకునే నర్సు ముందు "వేసుకోలేదమ్మా" అనడం ఎంత కష్టమో మనకు తెలియదా! షుగర్ మాత్రల విషయంలో డాక్టరు దగ్గర మనం చెప్పేవన్నీ నిజాలేనా?

అందుకే ఇప్పుడు నోటిమాట మీద ఆధారపడకుండా కొలిచే పద్ధతులొచ్చాయి. మూత్రంలో స్ట్రిప్ ముంచితే ఈమధ్య కొద్దిరోజుల్లో వేసుకున్నారో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్క కొన్ని వారాల వాడకం చెబుతుంది. వెంట్రుకైతే నెలల సంగతి చెబుతుంది.

కానీ కొలిచి చూపిస్తే మారతారా? దక్షిణాఫ్రికా, జింబాబ్వేల్లో 16 నుంచి 25 ఏళ్ల అమ్మాయిలతో హెచ్‌పీటీఎన్ 082 అనే అధ్యయనంలో సరిగ్గా ఇదే చేశారు. సగం మందికి వాళ్ల ఒంట్లో మందు ఎంతుందో చెప్పి కౌన్సెలింగ్ ఇచ్చారు. మిగతా సగంతో పోలిస్తే వాడకం ఏమీ పెరగలేదు. ఇంట్లో డబ్బా దాచుకోవాల్సిన గొడవ అలాగే ఉంది మరి!

ఆ గొడవ లేని మందు లెనకపవిర్, ఆరు నెలలకో ఇంజెక్షన్. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో అది తీసుకున్న 2,134 మంది స్త్రీలలో ఒక్కరికీ హెచ్ఐవీ సోకలేదని 2024లో తేలింది. దాని జెనెరిక్ తయారుచేయబోయే కంపెనీల్లో రెండు మన హైదరాబాద్‌వే: హెటెరో, డాక్టర్ రెడ్డీస్. 2027 నుంచి ఏడాదికి మనిషికి 40 డాలర్ల ధరకు ఇస్తామని ప్రకటించారు. ఇక నర్సు మాత్రలు లెక్కపెట్టక్కర్లేదు. ఇంజెక్షన్ తీసుకున్నామె ఆరు నెలలకు మళ్లీ వచ్చిందా లేదా అన్నది రిజిస్టర్లో చూసుకోవాలి. రాకపోతే ఎందుకు రాలేదో అడగాలి, తిట్టకుండా.