షల్‌ని షుడ్ చేసి అమెరికా తప్పించుకుంది, తిట్లు మాత్రం మనకు!

నమస్తే అండీ. గ్లాస్గో వాతావరణ సదస్సులో మాట మార్చి భూమిని ముంచింది ఇండియానే అని కొందరు వీడియోల్లో మళ్లీ మొదలుపెట్టారు. 2021 నవంబర్ 13, ఆఖరి నిమిషంలో మన మంత్రి భూపేందర్ యాదవ్ బొగ్గు విషయంలో 'ఫేజ్ అవుట్' తీసేసి 'ఫేజ్ డౌన్' పెట్టమన్నారు, సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మకు గొంతు పూడుకుపోయింది, ఆ క్లిప్ అందరూ చూసిందే. ఫేజ్ అవుట్ అంటే తగ్గిస్తూ తగ్గిస్తూ చివరికి మూసేయడం. ఫేజ్ డౌన్ అంటే తగ్గించడం వరకే, మూస్తామన్న మాట అందులో లేదు. తేడా పెద్దదే, కాదనను.

మరి 2015 ప్యారిస్ వాతావరణ ఒప్పందం సంగతి ఎవరూ ఎత్తరేం? డిసెంబర్ 12. ఒప్పందంలో నాలుగో ఆర్టికల్, నాలుగో పేరా. ఉద్గారాలు తగ్గించడంలో సంపన్న దేశాలు ముందుండాలి అనే చోట 'షల్' అని పడింది. అంతే, అమెరికా వాళ్లకు చెమటలు పట్టాయి! మనకి బడిలో ఏం నేర్పారు? ఐ, వీ పక్కన షల్, మిగతావాటికి విల్, రాసుకో, మార్కులు తెచ్చుకో. ఒప్పందంలో కూర్చుంటే అదే షల్‌కి చేసి తీరాలి అని అర్థం, చట్టం కింద బాధ్యత. అప్పుడు దాన్ని అమెరికా ఎగువ సభ సెనేట్‌కి తీసుకెళ్లాలి, మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, ఒబామాకి అవి వచ్చే దారే లేదు. 'షుడ్' అయితే చెయ్యడం మంచిది అన్నట్టు, చెయ్యకపోతే నిలదీసే హక్కు ఎవరికీ లేదు. అందుకే వేదిక మీద సదస్సు అధికారులు సాంకేతిక సవరణల జాబితా చదువుతూ, చిల్లర దిద్దుబాట్ల మధ్యలో, షల్ బదులు షుడ్ అని చదివేశారు. సదస్సు అధ్యక్షుడు, ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి ఫాబియస్ ఆమోదించినట్టు సుత్తి కొట్టేశారు. అయిపోయింది!

ఇంకోటి వినండి. ఫేజ్ డౌన్ మనం కనిపెట్టింది కాదు. గ్లాస్గోలోనే నవంబర్ 10న అమెరికా, చైనా కలిసి ఇచ్చిన ప్రకటనలో చైనా బొగ్గు గురించి ఉన్నది ఆ మాటే. పైగా గ్లాస్గో ఒప్పందంలో పేరు పెట్టి పట్టుకున్నది బొగ్గుని, మన సింగరేణి లాంటి గనుల మీద బతికే దేశాల ఇంధనాన్ని. చమురు, గ్యాస్ పేరే లేదు. 2023లో దుబాయ్ సదస్సులో శిలాజ ఇంధనాలన్నిటి వంతూ వచ్చింది కదా, అక్కడ ఫేజ్ అవుట్ పెట్టారా? లేదు, ఫేజ్ డౌన్ కూడా లేదు, 'ట్రాన్సిషన్ అవే' అన్నారు, అంటే వాటికి దూరంగా జరుగుతాం అని. ఎంత దూరమో ఎవరూ అడగలేదు.

నేను గట్టిగా నమ్మేది ఇదే: ఒప్పందాల్లో అంకెల దగ్గర గొడవపడేది కెమెరా కోసం, అసలు బేరం తెగేది వెర్బ్ దగ్గర. ఇండియాని తిట్టేవాళ్లు ఆ నాలుగో పేరా స్క్రీన్ మీద పెట్టి, ఆ షుడ్ మీద ఒక్క వీడియో చెయ్యమనండి, అప్పుడు మాట్లాడదాం.