ఊరు దాటే సీసాకి చీటీ ఉండాలి

అందరికీ నమస్కారం. డాలస్‌లో ఇంట్లో బీరు చేసుకునే తెలుగువాళ్ళు ఇంతమంది ఉన్నారని ఈ హాల్లోకి వచ్చేదాకా నాకు తెలియదు. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) గురించి, హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) గురించి ఇందాక పెద్దలు చక్కగా చెప్పారు. నేను మాట్లాడేది అన్నీ అయ్యాక మిగిలే చివరి పని గురించి: సీసాకి లేబుల్ అంటించడం.

మూడేళ్ళ కిందట జులైలో, ఒక మధ్యాహ్నం, మా గరాజ్‌లో పెద్ద చప్పుడైంది. తలుపు తీసి చూస్తే నేలంతా నురుగు, షెల్ఫ్ నిండా గాజు పెంకులు. పక్కనున్న అట్టపెట్టెలో ఒక పెంకు గుచ్చుకుని అలాగే నిలబడి ఉంది. మా అబ్బాయి సైకిల్ పెట్టేది ఆ పెట్టె పక్కనే. పులియడం పూర్తవకముందే ఒక బ్యాచ్ సీసాల్లో పోసేశాను. మిగిలిపోయిన చక్కెర లోపలే పులిసి, గ్యాస్ పెరిగి, టెక్సస్ ఎండకి సీసా పగిలింది. అంతకంటే పెద్ద టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. షెల్ఫ్ మీద రెండు బ్యాచ్‌లు కలిసిపోయి ఉన్నాయి, దేనికీ లేబుల్ లేదు. ఏ సీసా మంచిదో, ఏది పేలుతుందో చెప్పే దారే లేదు. 5 గ్యాలన్ల బ్యాచ్‌కి 12 ఔన్సుల సీసాలు యాభై దాకా వస్తాయని మీకు తెలుసు. కళ్ళద్దాలు, మందపాటి గ్లవ్స్ వేసుకుని, ఒక్కో సీసా మీద తువాలు కప్పి మూత తీసి, రెండు బ్యాచ్‌లూ పారబోశాను. సీసాలో పోసిన తేదీ రాసుంటే ఒక బ్యాచ్ అయినా మిగిలేది.

మా అమ్మ ఇంట్లో ఆవకాయ జాడీ మీద ఏమీ రాయదు. తనే పెట్టింది, తనే వడ్డిస్తుంది, రాయాల్సిన అవసరం లేదు. అదే నా సూట్‌కేసులో సర్దే ప్రతి పొట్లానికీ చీటీ ఉంటుంది: కందిపొడి, ఫలానా తేదీ, "ఇందులో వెల్లుల్లి వేశాను". పొట్లం ఊరు దాటుతోంది, విప్పేటప్పుడు తను పక్కన ఉండదు, అందుకని. మన సీసా కూడా అంతే. ఫ్రెండ్ ఇంటికి వెళ్ళాక, అతను మూత తీసేటప్పుడు మనం అక్కడ ఉండం.

అమెరికాలో అమ్మకానికి వెళ్ళే బీరు మీద ఆరోగ్యం గురించిన ప్రభుత్వ హెచ్చరిక 1989 నుంచి తప్పనిసరి. ఇంట్లో బీరు చేసుకోవడానికి ఇక్కడ ఫెడరల్ అనుమతి వచ్చింది 1978లో, అప్పటి అధ్యక్షుడు కార్టర్ సంతకంతో. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అమ్మకూడదు. అమ్మం కాబట్టి మన సీసా మీద ఏం రాశావని అడిగేవాళ్ళు లేరు. అడిగేవాళ్ళు లేనప్పుడు బాధ్యత పూర్తిగా మనదే అని నేను నమ్ముతాను. (ఇండియా వెళ్ళినప్పుడు అక్కడ చేద్దామనుకోకండి. మన రెండు రాష్ట్రాల్లోనూ లైసెన్స్ లేకుండా చేయడం నేరం.)

పేరు మీ ఇష్టం, బొమ్మ మీ ఇష్టం. సీసాలో పోసిన తేదీ, బ్యాచ్ నంబర్ మాత్రం వదలొద్దు. హాప్స్ ఎక్కువ పడే ఐపీఏ బీరులో ఆ వాసన రెండు మూడు నెలల్లో తగ్గిపోతుంది, ఘాటైన స్టౌట్ (నల్ల బీరు) ఏడాది ఆగితే బాగుపడుతుంది. తేదీ లేకపోతే రెండూ తెలియవు. ఆల్కహాల్ శాతం రాయండి, తాగే మనిషి ఎంత తాగాలో తేల్చుకోవాలి కదా. గ్రావిటీ అంటే నీళ్ళతో పోలిస్తే బీరు ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత; పులియకముందు చూసిన మొదటి గ్రావిటీలోంచి, పులిశాక చూసిన చివరి గ్రావిటీ తీసేసి 131.25తో గుణించండి. 1.050 నుంచి 1.010కి దిగితే 5.25 శాతం. గోధుమ, పాల చక్కెర (లాక్టోస్), పల్లీలు వేస్తే, అవి పడనివాళ్ళ కోసం ఆ మాట కొట్టొచ్చినట్టు రాయండి. మిల్క్ స్టౌట్‌లో నిజంగానే లాక్టోస్ ఉంటుందని మన ఇళ్ళల్లో చాలామందికి తెలియదు.

అంత ఓపిక లేదంటే మూత మీద మార్కర్‌తో రాసినా చాలు. బెల్జియంలో వెస్ట్‌వ్లెటెరెన్ మఠంవాళ్ళ బీరు దశాబ్దాల పాటు లేబుల్ లేకుండానే వచ్చింది. మూత రంగే గుర్తు: పచ్చ మూత అయితే బ్లాండ్ అనే రకం, నీలం మూత అయితే 8 అనే రకం, పసుపు మూత అయితే 12 అనే రకం. పోటీలకి పంపేటప్పుడు మాత్రం సీసా మీద ఏ గుర్తూ ఉండకూడదు. మూత మీద రాత ఉంటే నల్లగా పూసెయ్యాలి, వాళ్ళిచ్చిన చీటీని రబ్బరు బ్యాండ్‌తో కట్టాలి.

ఇక అంటించడం. స్టిక్కర్ కాగితం కొనొద్దు, తర్వాత గీకలేక చేతులు నొప్పెడతాయి. మామూలు కాగితం మీద లేజర్ ప్రింటర్‌తో ప్రింట్ తీయండి. ఇంక్‌జెట్ సిరా తడికి కారిపోతుంది. జిగురు మన ఫ్రిజ్‌లోనే ఉంది: కొవ్వు తీసిన పాలు. పాలలోని కేసిన్ ప్రోటీన్ ఆరితే గట్టిగా పట్టేస్తుంది. పళ్ళెంలో రెండు చెంచాలు పోసి, బ్రష్‌తో కాగితం వెనక పల్చగా పూయండి. సీసా పొడిగా ఉండాలి. కాగితాన్ని మధ్యలో ఆనించి, బొటనవేళ్ళతో రెండు పక్కలకీ నొక్కుకుంటూ వెళ్ళండి, బుడగలు అంచుల దాకా పోతాయి. పైకి వచ్చిన పాలని తడిగుడ్డతో తుడిచేస్తే ఆరాక వాసన రాదు. సీసా ఖాళీ అయ్యాక గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే కాగితం దానంతటదే ఊడొస్తుంది. ఐసు నీళ్ళ బకెట్‌లో పెట్టినా అలాగే ఊడొస్తుంది, అందుకని పార్టీకి పట్టుకెళ్ళే సీసాలకి మూత మీద కూడా రాయండి.

ఈ టేబుల్ మీద పాలు, బ్రష్‌లు, ఖాళీ సీసాలు పెట్టాను. కాగితాల మీద తేదీ గడి మాత్రం ఖాళీగా ఉంచాను. ముందు వరసలోవాళ్ళు రండి, మీ ఇంట్లో ఇప్పుడున్న బ్యాచ్ తేదీ రాసి అంటిద్దాం.