200 కోట్ల బాకీ సరే, ఆ టర్బైన్లకు టోల్ ఎవరు కట్టారు?

అది కరెంటు అమ్మకం కాదండీ, టోల్ ఫీజు! మళ్లీ చెప్తున్నా, సరిగ్గా వినండి. త్రిపుర నుంచి బంగ్లాదేశ్‌కు పోయే కరెంటు మనం కట్టే టోల్ ఫీజు. తిట్టాలనుకునేవాళ్లు కామెంట్లు ఇప్పుడే మొదలుపెట్టేయండి. వీడియో అయిపోయేసరికి మీలో సగం మందైనా నా వైపు వస్తారని నా నమ్మకం.

2024 డిసెంబరు గొడవ మీకు తెలిసిందే. బంగ్లాదేశ్ మాకు 200 కోట్ల దాకా కరెంటు బాకీ ఉందని త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సాహా అన్నారు. ఇక చూడాలి మన వాట్సాప్ గ్రూపులు! స్విచ్ పీకేయండి, చీకట్లో కూర్చోబెట్టండి, విశ్వాసం లేని జనం... ఒకటే గోల. బాకీ కట్టాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ అదే ఇంటర్వ్యూలో ఆయన ఇంకో మాట కూడా అన్నారు. మా కరెంటు ప్లాంటు యంత్రాలు బంగ్లాదేశ్ గడ్డ మీదుగానో, చిట్టగాంగ్ పోర్టు మీదుగానో వచ్చాయి, ఆ కృతజ్ఞతతోనే వాళ్లకు కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాం అని. ఎంత పెద్ద మాట అండీ అది! దాన్ని పట్టుకుని పావుగంట మాట్లాడిన వాళ్లు నాకు ఒక్కరూ కనపడలేదు. అందరికీ 200 కోట్లే కావాలి.

ఆయన దాన్ని కృతజ్ఞత అన్నారు. రాజకీయ నాయకుడు కదా, అలాగే అంటారు. నేను టోల్ అంటాను.

కథ గబగబా చెప్పేస్తా. త్రిపుర భూమి కింద గ్యాస్ ఉంది, ఓఎన్‌జీసీ ఎప్పుడో కనిపెట్టింది. కానీ అక్కడ ఆ గ్యాస్ కొనేంత పరిశ్రమ లేదు. బయటకు పంపుదామంటే చుట్టూ మూడు వైపులా బంగ్లాదేశే. సరే, అక్కడే కరెంటు తయారుచేసి తీగల మీద పంపేద్దాం అనుకున్నారు. ఉదయ్‌పూర్ పక్కన పాలటానాలో 726 మెగావాట్ల ప్లాంటు, కట్టింది మన బీహెచ్‌ఈఎల్. కాగితం మీద అద్భుతం. మరి యంత్రాలు అక్కడికి ఎలా వెళ్లాలి?

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఎందుకంటే మనవాళ్లలో చాలామందికి ఆ యంత్రం సైజు అర్థం కాదు. అలాంటి ప్లాంటులో గ్యాస్ మండించి తిప్పే పెద్ద గ్యాస్ టర్బైన్ ఒక్కటి మూడొందల టన్నులకు అటూ ఇటూగా తూగుతుంది. మన హైవే మీద తిరిగే మామూలు ట్రైలర్‌కు సరుకుతో కలిపి చట్టం ఒప్పుకునే గరిష్ఠ బరువు 55 టన్నులు. అదీ 2018లో పెంచాక. ముక్కలు చేసి తీసుకెళ్లొచ్చు కదా అని ఒక తమ్ముడు అడిగాడు. కుదరదు తమ్ముడూ. రోటర్‌ను, అంటే లోపల తిరిగే భాగాన్ని, ఫ్యాక్టరీలోనే కూర్చి, బ్యాలెన్స్ చేసి పంపుతారు. జనరేటర్ స్టేటర్, అంటే దాని కదలని భాగం, ఒకే దిమ్మ, దాన్ని విడదీయలేరు. ట్రాన్స్‌ఫార్మర్ అయితే కనీసం నూనె తీసేసి, ఖాళీ ట్యాంకులో నైట్రోజన్ నింపి కొంత బరువు తగ్గిస్తారు. టర్బైన్‌కు ఆ అవకాశం కూడా లేదు. పైగా దారిలో ఎక్కడ ఎంత కుదుపు తగిలిందో రాసుకోవడానికి దాని ఒంటి మీద రికార్డర్ ఒకటి బిగిస్తారు. ఎక్కడో ఒక గుంతలో పడితే ప్లాంటుకు చేరాక ఆ రికార్డర్ మొత్తం బయటపెట్టేస్తుంది!

హైదరాబాద్‌లో బీహెచ్‌ఈఎల్ చౌరస్తా, పటాన్‌చెరు వైపు ఉండేవాళ్లకు ఈ బండ్లు కొత్త కాదు. రామచంద్రాపురం ఫ్యాక్టరీలో గ్యాస్ టర్బైన్లు తయారవుతాయి కదా. ముందు లాగడానికొక పుల్లర్ బండి, ఒక్కోసారి వెనక తోయడానికి ఇంకోటి, మధ్యలో వరసకు ఎనిమిదేసి టైర్లు. పిల్లలు టైర్లు లెక్కపెడుతూ నిలబడిపోతారు. ఒకాయన పొడవాటి కర్రతో కరెంటు తీగలు పైకెత్తుతుంటాడు. తీగ మరీ కిందికి ఉంటే ఆ ఏరియాకు కాసేపు కరెంటు తీసేయాల్సిందే. కరెంటు పుట్టించే యంత్రం మన వీధిలోంచి పోతోందని మన ఇంట్లో ఫ్యాన్ ఆగిపోతుంది! ఇదీ ఒక రకం టోలే. మీరు కట్టారు, మీకు ఎవరూ రసీదు ఇవ్వలేదు.

సరే, త్రిపురకు వద్దాం. మన దేశం లోపలి నుంచే వెళ్లాలంటే కోల్‌కతా నుంచి పైకి సిలిగురి సన్న దారి, అక్కడి నుంచి అస్సాం, మేఘాలయ కొండలు, మళ్లీ కిందికి త్రిపుర. 1,600 కిలోమీటర్లు దాటుతుంది. వానాకాలంలో కొండచరియలు విరిగిపడే ఘాట్ రోడ్డు మీద మూడొందల టన్నుల బండిని మలుపు తిప్పగలరా? రైలు అంటారా? అగర్తలాకు 2008లో వచ్చింది మీటర్ గేజ్, అంటే సన్న పట్టాల లైను. బ్రాడ్ గేజ్ చేరేసరికి 2016.

కాబట్టి దారి ఒక్కటే. కోల్‌కతా నుంచి బార్జీల మీద, అంటే చదునైన సరుకు పడవల మీద, సుందర్‌బన్ మీదుగా బంగ్లాదేశ్ నదుల్లోకి, మేఘనా నది ఒడ్డున ఆశుగంజ్ పోర్టు దాకా. అక్కడ దించి ట్రైలర్ మీదకు ఎక్కించి యాభై కిలోమీటర్లు వెళ్తే సరిహద్దు ఊరు అఖౌరా. గేటు దాటితే అగర్తలా! 2010 జనవరిలో అప్పటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢిల్లీ వచ్చినప్పుడు ఉమ్మడి ప్రకటనలోనే ఇది రాసుకున్నారు. ఆశుగంజ్ నుంచి భారీ సరుకు రవాణాకు ఏమేం బాగుచేయాలో చూద్దాం, కావాల్సిన పెట్టుబడి ఇండియా పెడుతుంది అని. 2011లో బండ్లు కదిలాయి.

ఆ యాభై కిలోమీటర్లే అసలు కథ. ఈ బండికి రోడ్డు పెద్ద సమస్య కాదు. ట్రైలర్‌కు ఇరుసులు పెంచుకుంటూ పోతే బరువు పరుచుకుంటుంది, ఒక్కో ఇరుసు కింద నేలకు పడే భారం తగ్గిపోతుంది. తారు రోడ్డు ఎలాగో తట్టుకుంటుంది. కానీ బ్రిడ్జి సంగతి వేరు. రెండు స్తంభాల మధ్య స్పాన్ మీదకు ఆ ఇరుసులన్నీ ఒకేసారి వచ్చి నిలబడతాయి. అప్పుడు మొత్తం బరువు మోయాల్సింది ఆ స్పానే. రోడ్లు, బ్రిడ్జీలకు ప్రమాణాలు రాసే మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కూడా 2014 కోడ్‌లో ఇలాంటి బండి కోసం 385 టన్నుల లెక్క ఒకటి పెట్టింది. దాంట్లో షరతులు చూస్తే నవ్వొస్తుంది. బండి బ్రిడ్జికి సరిగ్గా నడిమధ్యలో వెళ్లాలి, గంటకు ఐదు కిలోమీటర్లు మించకూడదు, ఆ టైములో బ్రిడ్జి మీద ఇంకో వాహనం ఉండకూడదు. మన దగ్గర గణేష్ నిమజ్జనం ఊరేగింపు దానికంటే స్పీడుగా పోతుంది!

ఆశుగంజ్–అఖౌరా దారిలోని పాత బ్రిడ్జీలు, కల్వర్టులు ఈ బరువు మోయలేవు. అప్పుడేం చేశారు? కొత్త బ్రిడ్జి కట్టారా? లేదు. బ్రిడ్జి పక్క నుంచి నీళ్లలోకి మట్టి పోశారు. బ్రాహ్మణ్‌బారియా జిల్లాలో తితాస్ అనే నది ఉంది. ఆ నదికి అడ్డంగా మట్టి కట్ట వేసి, అడుగున కొన్ని తూములు పెట్టి, కట్ట మీదుగా మన టర్బైన్లను దాటించారు. తితాస్ ఒక్కటే అనుకోకండి, దారిలో అడ్డొచ్చిన కాల్వలకూ అదే గతి పట్టించారు.

ఆ తూముల్లోంచి నది ఎంత పారుతుంది? పడవలు ఎలా పోతాయి? చేపల మీద బతికేవాళ్లు, ఆ నీటితో పొలం తడుపుకునేవాళ్లు రోడ్డెక్కారు. అక్కడి పత్రికలు దుమ్మెత్తిపోశాయి. గొడవ పెద్దదయ్యాక కట్టలు తీసేశారు. ఒక్కసారి మన గోదావరి పాయకు అడ్డంగా పక్క దేశం యంత్రాల కోసం మట్టి పోశారనుకోండి. కోనసీమ ఊరుకుంటుందా? నేను ఊరుకుంటానా? ఇదే చానల్లో రోజుకు మూడు వీడియోలు పెట్టేవాడిని!

ఇంకో విషయం వినండి. ఇంత చేసి, మామూలు ట్రాన్సిట్ ఫీజు వాళ్లు తీసుకోలేదు. అప్పట్లో హసీనా సలహాదారు ఒకాయనైతే ఫీజు అడగడం నాగరిక దేశాలు చేసే పని కాదన్న ధోరణిలో మాట్లాడి, సొంత దేశంలోనే బోలెడు తిట్లు తిన్నారు. అదే ఆశుగంజ్ మీదుగా 2016లో మామూలు సరుకు మొదలైనప్పుడు టన్నుకు 192 టాకాల (బంగ్లాదేశ్ కరెన్సీ) చొప్పున వసూలు చేశారు. అంటే ఫీజు తీసుకోవడం వాళ్లకు తెలియక కాదు. మరి మన టర్బైన్లను ఊరికే ఎందుకు పోనిచ్చారు?

ఎందుకంటే ఫీజు డబ్బు రూపంలో అడగలేదు, కరెంటు రూపంలో అడిగారు. ఇదీ నా థియరీ. పాలటానా మొదటి యూనిట్‌ను 2013 జూన్‌లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించారు. రెండోది 2014 డిసెంబరులో మోదీ గారు. వాళ్లు దారి ఇచ్చారు, వాళ్లకు 100 మెగావాట్లు ఇవ్వాల్సిందే అని అప్పటి త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ ఢిల్లీని అడుగుతూనే ఉన్నారు. 2016 మార్చిలో మోదీ, హసీనా ఇద్దరూ వీడియో కాన్ఫరెన్స్‌లో బటన్ నొక్కారు, త్రిపుర నుంచి బంగ్లాదేశ్‌లోని కుమిల్లాకు 100 మెగావాట్లు. తర్వాత అది 160 దాకా పెరిగింది. ఎప్పుడు అడిగారో, ఎందుకు అడిగారో, ఎవరి నోటి నుంచి వచ్చిందో చూడండి. దీన్ని టోల్ అనక ఏమంటారు?

ఇప్పుడు మీ ప్రశ్న నాకు తెలుసు. "అన్నా, ఊరికే ఇవ్వలేదు కదా, యూనిట్‌కు ఇంత అని అమ్ముతున్నాం కదా, ఇంక టోల్ ఏంటి?" మంచి ప్రశ్నే. కానీ అప్పట్లో కరెంటు కోతలతో అల్లాడుతున్న దేశానికి, పక్కింటి ప్లాంటు నుంచి తనకంటూ ఒక వాటా రాయించుకోవడమే ఫీజు. ధర తర్వాతి సంగతి. బిల్లు కట్టలేదని అరిచే హక్కు మనకుంది. కానీ "మేం దయతలచి కరెంటు ఇస్తున్నాం" అనే పోజు ఉంది చూశారూ, అదే నాకు మండేది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య! ఆ సామెత ఎవరు పుట్టించారో గానీ తితాస్ ఒడ్డున నిలబడి పుట్టించినట్టుంది.

"ఇండియా రోడ్డుకు డబ్బు పెట్టింది" అని ఇంకొకరు రాస్తారు. పెట్టింది, ఆ 2010 ఉమ్మడి ప్రకటనలోనే ఉంది. నా కోపం కూడా అక్కడే! వేల కోట్ల ప్లాంటు కడుతున్నప్పుడు, యాభై కిలోమీటర్లలో నాలుగు గట్టి బ్రిడ్జీలు ముందే కట్టేస్తే ఎంత పోయేది? నది పారుతూ ఉండేది, గొడవ ఉండేది కాదు, ఆ బ్రిడ్జీలు వాళ్లకీ మిగిలేవి. చివరికి అదే దారిలో, ఆశుగంజ్ నుంచి అఖౌరా దాకా నాలుగు లేన్ల రోడ్డుకు ఇండియానే అప్పు ఇచ్చింది. టర్బైన్లు దాటిపోయి ఏళ్లు గడిచాక! పోనీ అదైనా పూర్తయిందా? 2024 ఆగస్టులో హసీనా ప్రభుత్వం పడిపోయేసరికి అక్కడ పనిచేస్తున్న మనవాళ్లు సామాను సర్దుకుని వచ్చేశారు, అప్పుడు పని ఆగింది. రోడ్డు అవసరమైనప్పుడు మట్టి పోశాం, అవసరం తీరాక కాంక్రీటు పోయడం మొదలుపెట్టాం, అదీ సగంలో ఆగింది.

ఈ చానల్ చూసేవాళ్లలో పుల్లర్ డ్రైవర్లు, విశాఖ, కృష్ణపట్నం పోర్టుల దగ్గర హెవీ లిఫ్టింగ్ పని చేసేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. మీ బండి ఏ బ్రిడ్జి దగ్గర ఆగిపోయింది, పక్క నుంచి మట్టి పోసి ఎలా దాటించారు, ఆ మట్టి తర్వాత తీశారా లేక అలాగే వదిలేశారా, కింద రాయండి. కంపెనీ పేర్లు వద్దు, ఊరు పేరు, వాగు పేరు చాలు. తర్వాతి వీడియో వాటి మీదే. టోల్ కాదు అనేవాళ్లు కూడా రాయండి, మీకు ఒక్కొక్కరికీ నేనే రిప్లై ఇస్తా.