ఎలుకను పట్టి, రక్తం తీసి, వదిలేస్తారు

(తెర మీద: తెల్లవారుజాము. గడ్డిలో వరసగా చిన్న రేకు పెట్టెలు.)

వీటిని షెర్మన్ ట్రాప్‌లంటారు. ఎలుకల నుంచి మనుషులకు అంటుకునే హంటావైరస్ మీద నిఘా కోసం పరిశోధకులు వీటితో ఎలుకల్ని పడతారు. లోపల కాస్త ఓట్స్, పీనట్ బటర్. సాయంత్రం పెట్టి, పొద్దున్నే వచ్చి చూస్తారు. తలుపు పడిపోయి ఉంటే లోపల ఎలుక ఉన్నట్టే.

చాలా సర్వేల్లో దాన్ని చంపరు. తూకం వేసి, ఆడో మగో చూసి, కొన్ని చుక్కల రక్తం తీసి, చెవికి నంబరు బిళ్ల తగిలించి పట్టినచోటే వదిలేస్తారు. కొన్ని వారాలకు మళ్లీ అక్కడే పెట్టెలు పెడతారు. అదే ఎలుక ఇంకోసారి దొరికితే పండగే! పోయినసారి దాని రక్తంలో హంటావైరస్ యాంటీబాడీలు లేవు, ఈసారి ఉన్నాయంటే, వైరస్ అంటుకుంది ఈ మధ్యలోనే.

ఇక్కడ చాలామంది పొరబడతారు. యాంటీబాడీలు ఉన్నాయంటే జబ్బు వచ్చి తగ్గిపోయిందనుకుంటాం. ఈ ఎలుకల్లో అలా కాదు. వైరస్ చాలావరకు జీవితాంతం ఉండిపోతుంది, ఎలుక మాత్రం హాయిగా తిరుగుతుంది. మూత్రంలో, పెంటికల్లో, లాలాజలంలో వైరస్‌ను వదులుతూనే ఉంటుంది. అవి ఎండాక లేచే దుమ్ము పీలిస్తే మనకు అంటుకుంటుంది.

(తెర మీద: అమెరికా మ్యాప్, నాలుగు రాష్ట్రాలు కలిసే మూల.)

1993లో ఫోర్ కార్నర్స్ ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్న యువకులు ఊపిరాడక రోజుల్లోనే చనిపోయారు. కొన్ని వారాల్లోనే అది హంటావైరస్ అని తేలింది. పెట్టెలు పెట్టి చూస్తే, డీర్ మౌస్ అనే ఎలుకల్లో దాదాపు 30 శాతానికి అది సోకినట్టు బయటపడింది.

మరి ఆ ఏడాదే ఎందుకు? పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో వల్ల అక్కడ వానలూ మంచూ బాగా పడ్డాయి. గింజలు విరగకాశాయి, తిండి దొరికిన ఎలుకలు విపరీతంగా పెరిగాయి. ఆ పెరుగుదల లెక్కలు ఎలా దొరికాయో తెలుసా? న్యూమెక్సికోలోని సెవియెటాలో పర్యావరణ పరిశోధకులు అంతకుముందు నుంచే ఎలుకల్ని లెక్కపెడుతున్నారు, జబ్బు ఆలోచన ఏమాత్రం లేకుండా. అక్కడి నవాహో ఆదివాసీ పెద్దలైతే ఎలుకలు పెరిగిన ఏడాది జబ్బు వస్తుందని ముందే ఎరుగుదురు. ఇంకో చోట, మ్యూజియం ఫ్రీజర్లలో దాచిన పాత ఎలుకల కణజాలం పరీక్షిస్తే 1993కు ముందువాటిలోనూ వైరస్ దొరికింది. అంటే వైరస్ పాతదే, మనకే కొత్త.

నా దృష్టిలో నిఘా అంటే అదే: ఎవరూ జబ్బుపడని ఏడాది కూడా లెక్కపెట్టడం. నిధులు కోసేసేదీ ఆ ఏడాదే, అదే నాకు చిరాకు.

యూరప్‌లో ఈ లెక్క ముందస్తు హెచ్చరికగా పనికొస్తోంది. అక్కడ పూమలా అనే రకం హంటావైరస్‌ను మోసేది బ్యాంక్ వోల్ అనే ఎలుకలాంటి చిన్న జంతువు. జర్మనీలో 2011లో బీచ్ అనే అడవి చెట్లు విపరీతంగా కాశాయి, ఆ కాయలు తిని వోల్‌లు పెరిగాయి. మరుసటి ఏడాది దాదాపు 2,800 మంది హంటావైరస్ రోగులు నమోదయ్యారు. ఇప్పుడు కాయలు రాలిన ఏడాదే జాగ్రత్తపడొచ్చు.

అయితే అడవుల్లో పెట్టెలు పెడితే సరిపోదు. సియోల్ వైరస్ అనే ఇంకో రకం హంటావైరస్ ఊరెలుకలతో ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగింది. 2017లో అమెరికాలో అది కనిపించింది ఎక్కడో తెలుసా? ముద్దుగా పెంచుకునే ఎలుకల్లో! అధికారులు పెంపకందార్ల ఇళ్లకు వెళ్లి బోనుల్లోని ఎలుకల రక్తం పరీక్షించాల్సి వచ్చింది.

(తెర మీద: మూసి ఉన్న పాత గది తలుపు.)

చాలాకాలం మూసిన గదిలో ఎలుక పెంటికలు కనిపిస్తే చీపురు పట్టకండి. తలుపులు, కిటికీలు తీసి అరగంట బయటే ఉండండి. గ్లవ్స్ వేసుకుని, బ్లీచ్ కలిపిన నీళ్లు చల్లి, 5 నిమిషాలు నాననిచ్చి, తడిగానే తుడిచేయండి.